తెలిసిన నేల, తెలియని వాన

మృగశిర కార్తె వచ్చిందంటే పల్నాడులో అందరి చూపూ ఆకాశం మీదే. రోహిణి ఎండలకు బీటలు వారిన నేల మీద తొలకరి పడాలి, అరకలు కదలాలి. ఉద్యోగరీత్యా కోయంబత్తూరు పీలమేడుకు కాపురం మార్చిన ఏడాది కూడా అదే లెక్కన జూన్ నెల కోసం ఎదురుచూశాం. వానకు బదులు గాలి వచ్చింది. పగలూ రాత్రీ ఒకటే హోరు. డాబా మీద పెట్టిన వడియాల నిండా దుమ్ము. మబ్బులు గుంపులుగా వచ్చి, ఒక్క చినుకైనా రాల్చకుండా తూర్పుకు వెళ్లిపోయేవి. నలభై రెండు డిగ్రీల ఎండలకు అలవాటుపడిన ఒంటికి ఆ చల్లదనం హాయిగానే ఉండేది గానీ, ఆషాఢంలో వాన లేకపోవడం మాత్రం మింగుడుపడలేదు.

పక్కింటి పెద్దాయనది తరాలుగా అక్కడే ఉన్న తెలుగు కుటుంబం. "ఇది పాలక్కాడు గాలి నాయనా. ఆడి నెల పొయ్యేదాకా ఇట్లే ఉంటాది. పెద్ద వాన ఐప్పసిలో వస్తాది, సూస్తా ఉండు" అన్నాడు. తమిళుల లెక్కలో ఆడి అంటే జూలై-ఆగస్టు, ఐప్పసి అంటే అక్టోబరు-నవంబరు.

ఆయన చెప్పినదాని వెనుక కొండల కథ ఉంది. నైరుతి రుతుపవనాల తేమను చాలావరకు పడమటి కనుమలు కేరళ వైపే పిండేసుకుంటాయి. ఆ కనుమల మధ్య పాలక్కాడు దగ్గర సుమారు 30 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పున ఉన్న ఖాళీలోంచి చల్లగాలి మాత్రం కోయంబత్తూరు మీదికి దూసుకొస్తుంది. ఇక్కడివాళ్లకు అసలు వానలు అక్టోబరు, నవంబరు నెలల్లో, ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. మనకు కార్తికమంటే తేటపడిన ఆకాశం, చలి పొద్దులు. ఇక్కడ దీపం వెలిగించాలంటే ముందు వాన తెరిపివ్వాలి.

శతాబ్దాల కిందట తెలుగునాడు నుంచి ఎడ్లబండ్ల మీద వచ్చినవాళ్లు ఈ తారుమారైన కాలాన్ని ఎలా తట్టుకున్నారో తెలుసుకోవాలనిపించింది. వాళ్ల ఊళ్లు చూద్దామని ఐప్పసి వానల్లోనే మదురై వైపు బయలుదేరాను.

తిరుచ్చి రోడ్డు మీద సూలూరు దాటుతుంటే రెండు వైపులా లోతైన దిగుడు బావులు కనిపించాయి. ఏటికి 600, 700 మిల్లీమీటర్లకు మించి వాన పడని నేల ఇది. నదిని నమ్ముకునే వీలు లేక, రాతిని తొలిచి నీళ్లు తోడారు. ఎడ్లతో మోట తోలారు. 1930ల్లో పైకారా జలవిద్యుత్తు అందాక మోటల స్థానంలోకి మోటార్లు వచ్చాయి. సూలూరు దగ్గరి కలంగల్‌లో 1893లో పుట్టిన జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి 1937లో కోయంబత్తూరులోనే విద్యుత్ మోటారు తయారుచేశారు. ఇవాళ దేశమంతా వాడే కోయంబత్తూరు పంపుసెట్లకు మూలం ఈ నీటి కరువే. నల్లరేగడిలో పండిన పత్తి మిల్లులకు దారి తీసింది. జి. కుప్పుస్వామి నాయుడు 1910లో లక్ష్మీ మిల్స్ స్థాపించాడు. పల్లడం దాటి ధారాపురం దాకా గాలిమరలు బారులు తీరి ఉన్నాయి. మా వడియాలను పాడుచేసిన ఆ గాలే ఇక్కడ కరెంటు పుట్టిస్తోంది.

దిండిగల్ మీదుగా మదురై చేరేసరికి గాలి ఆగిపోయి ఉక్క మొదలైంది. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకుల పాలన తెలుగువాళ్లకు ఇక్కడ బలమైన ఆసరా అయింది. తిరుమల నాయకుడు 1636లో కట్టించిన మహలులోకి అడుగుపెడితే, ఎత్తయిన స్తంభాల నీడన బయటి వేడి సగానికి తగ్గినట్టు అనిపించింది. ఆయన తవ్వించిన వండియూరు తెప్పకుళం కోనేటికి వైగై నది నీళ్లు రావడానికి కాలువలున్నాయి. ఆ వైగై ఏడాదిలో చాలా నెలలు ఇసుకే. 1895లో ముల్లపెరియారు ఆనకట్ట కట్టి, పడమటికి పోయే నీళ్లను కొండ తొలిచి ఇటు మళ్లించాకే ఈ లోయకు కొంత నమ్మకం చిక్కింది.

మదురైకి దక్షిణాన అరుప్పుకోట్టై, కోవిల్‌పట్టి వైపు వెళ్తే ఆ ఆనకట్ట నీళ్లు కూడా అందని కరిసల్ నేల. బస్సు దిగి మట్టి చేతిలోకి తీసుకున్నాను. అచ్చం మా పల్నాటి రేగడే: తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు. తెలుగు రైతులు ఎక్కువగా ఇలాంటి నల్లనేలల్లోనే ఊళ్లు కట్టుకున్నారు. ఈ మట్టిలో పత్తి, జొన్న, సజ్జ పండించడం వాళ్లకు వచ్చు. కొత్తగా నేర్చుకోవాల్సింది వానే. మన కార్తెల లెక్క పక్కనపెట్టి పురటాసి (సెప్టెంబరు-అక్టోబరు), ఐప్పసి నెలల్లో విత్తడం నేర్చుకున్నారు. రెండు నెలల్లో కురిసినదాన్ని పొలానికి కణ్మాయి చెరువులోనూ, తాగడానికి ఊరణి కుంటలోనూ దాచుకునే స్థానిక పద్ధతిని తమది చేసుకున్నారు.

ఒక ఊళ్లో ఊరణి గట్టు మీద కూర్చున్న అవ్వతో మాట్లాడాను. "దీంట్లో కాళ్లు గూడా కడగం నాయనా. సిత్తిరై దాకా ఇవే నీళ్లు" అంది. సిత్తిరై అంటే ఏప్రిల్-మే. ఇంటికి తీసుకెళ్లి సజ్జ అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ నంజుకోమని ఇచ్చింది. ఎండల్లో పొలానికి పోయేవాళ్లకు ఇక్కడ ఇదే బలం.

కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన తమిళ రచయిత కి. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. దక్షిణాదికి వలస వచ్చి, అడవి కొట్టి ఊరు కట్టుకున్న తెలుగు కుటుంబాల కథను ఆయన 'గోపల్ల గ్రామం' నవలగా తమిళంలో రాశాడు. దాని తరువాయి 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఈ నేలలో ఇంకిన వలస చరిత్రకు ఆ రెండు నవలలకంటే మంచి పరిచయం లేదు.

కొత్త చోటికి వెళ్లినవాళ్లం ఫ్యానో కూలరో కొనుక్కుని సర్దుకున్నామనుకుంటాం. అది చాలదు. అక్కడ వాన ఎప్పుడొస్తుందో, నీళ్లు ఎక్కడ దాస్తారో, ఎండాకాలం ఏం తింటారో పాతవాళ్లను అడిగి నేర్చుకున్నప్పుడే ఆ ఊరు మనదవుతుంది. మదురై అంటే మీనాక్షి గుడి, కోయంబత్తూరు అంటే ఊటీకి దారి అనుకుని తిరిగొచ్చేయకండి. ఐప్పసి నెలలో వెళ్లండి, కరిసల్ పల్లెల్లో ఒక పూట ఆగండి. అక్కడి పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడండి, వాళ్లు వానను గురించి చెప్పేది రాసి పెట్టండి. ఆ తరం వెళ్లిపోతే ఇవన్నీ చెప్పేవాళ్లు మళ్లీ దొరకరు.