ఉప్పుగాలిలో వేన్నీళ్లు



సముద్రం దగ్గర కాపురమున్నవారికి నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ గాలి మన ప్రాణానికి ఎంత హాయి కలిగించినా ఇనుముకు మాత్రం పగవాడు. కిటికీ ఊచలు, గేటు బందులు, సైకిలు గొలుసు, బీరువా తాళం - ఏదీ దానినుండి తప్పించుకోలేదు. భీమునిపట్నం ప్రాంతంలో పరిచర్య మొదలుపెట్టిన తర్వాత నాకొక అలవాటు అయింది. ఇళ్లు దర్శించి, ప్రార్థన ముగించి, కాఫీ తాగి బయటికి వచ్చాక ఒకసారి తలెత్తి డాబా వైపు చూస్తాను. అక్కడ సోలారు వేన్నీళ్ల ట్యాంకు కనబడితే, "ఇది పని చేస్తోందా అమ్మా?" అని అడుగుతాను. "మొదట్లో బాగానే కాగేవండి" అన్నదే చాలా ఇళ్లలో వచ్చే జవాబు.

ఈ జవాబు వెనుక ఏముందో, అది రాకుండా ఒక కుటుంబం ఏమి చేసుకోవచ్చో ఈ నెల నాలుగు మాటలు వ్రాయాలని కోరుతున్నాను. ఎందుకంటే మన పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, పరదేశంలోనో ఉద్యోగాలు చేస్తూ, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు ప్రేమతో ఈ యంత్రం పెట్టిస్తున్నారు. మంచి పనే. అయితే పెట్టించడం ఒక్క దినం పని. కాపాడుకోవడం పది పదిహేనేళ్ల పని.

యంత్రం అనగానే భయపడనక్కరలేదు. ఇళ్లలో పెట్టేవాటిలో మోటారు ఉండదు, ఎండ ఉన్నంతకాలం కరెంటుతో పనిలేదు. నల్లని పూత వేసిన రేకుకు సన్నని రాగి గొట్టాలు అతికించి, పైన అద్దం మూసిన పెట్టెలో అమరుస్తారు. ఎండకు గొట్టాల్లోని నీరు వేడెక్కి తేలికై, తనంతట తానే పైనున్న ట్యాంకులోకి ఎక్కుతుంది. ట్యాంకు అడుగునున్న చల్లని నీరు బరువుగా ఉంటుంది గనుక క్రిందికి దిగి గొట్టాల్లోకి వస్తుంది. ఎండ ఉన్నంతసేపు ఇలా తిరుగుతూనే ఉంటుంది. ట్యాంకు చుట్టూ దళసరి నురగపొర ఉండబట్టి సాయంత్రానికి కాగిన నీరు మరునాటి తెల్లవారుజామున కూడా వేడిగానే ఉంటుంది. ఒక చిన్న లెక్క చూడండి. 25 డిగ్రీలున్న 100 లీటర్ల నీరు 60 డిగ్రీలకు కాగాలంటే గీజరుకు సుమారు 4 యూనిట్ల కరెంటు కావాలి. ఆ పనిని 2 చదరపు మీటర్ల పలక మంచి ఎండలో ఉచితంగా చేస్తుంది. ఎండ పట్టే పలకను ఒకచోట, నీరు దాచే ట్యాంకును మరొకచోట పెట్టే ఈ పద్ధతిని 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ అనే ఆయన అమ్మకానికి తెచ్చాడు. మన డాబాల మీద నేడున్నది మూలంలో అదే.

మా సంఘంలో ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు ఉన్నారు. ఆమెను మేమందరం టీచరమ్మగారు అని పిలుస్తాము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని కొట్టినప్పుడు దినాల తరబడి కరెంటు లేక అందరం అవస్థపడ్డాము. ఆ మరుసటి సంవత్సరం ఆమె కుమారుడు పరదేశం నుండి డబ్బు పంపి, కరెంటు మీద ఆధారపడని సోలారు పెట్టించాడు. మోకాళ్ల నొప్పులతో బాధపడే ఆ తల్లికి అది గొప్ప ఆదరణ. "మా అబ్బాయి అంత దూరాన ఉండి కూడా రోజూ నాకు నీళ్లు కాచి పెడుతున్నాడండి" అని కనబడినవారందరితో చెప్పుకొనేవారు.

నాలుగో ఏడు వచ్చేసరికి నీళ్లు గోరువెచ్చగా మారాయి. కొన్నాళ్లకు అదీ లేదు. పెట్టిన దుకాణానికి కబురు చేస్తే, ఉప్పునీళ్ల వల్ల పాడైనదానికి వారంటీ వర్తించదన్నారు. కొడుక్కి మాత్రం ఆమె చెప్పలేదు. "వాడు అంత డబ్బు పోశాడు, పాడైందంటే మనసు కష్టపెట్టుకుంటాడు" అనుకున్నారు. మునుపటిలాగే పొయ్యి మీద గిన్నెతో కాచుకొని స్నానాల గదికి మోసుకొనేవారు. 2019 డిసెంబరులో ఒక ఉదయం గడప దగ్గర కాలు తడబడింది. కాగిన నీళ్లు కుడిపాదం మీద పడ్డాయి. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు క్రిస్మసు పాటలు నేర్పించిన మనిషి, ఆ యేడు పండుగ దినాన మంచం మీద ఉండి, గుడి మైకులో వినబడే పాటలు విన్నారు.

పండుగ అయిపోయాక మా సంఘంలోని ప్లంబరు సోదరుణ్ణి వెంటబెట్టుకొని ఆ డాబా ఎక్కాను. తుప్పును గూర్చి ప్రసంగపీఠం మీద చాలాసార్లు మాట్లాడాను గాని, దాన్ని గోటితో గీకి చూసింది ఆ దినమే. అతడు అంతా విప్పి చూసి, "అయ్యగారూ, దీనికి ఒక్క జబ్బు కాదండి, మూడున్నాయి" అన్నాడు.

మొదటిది గాలిలోని ఉప్పు. అలలు విరిగినప్పుడు లేచే తుంపర సన్నని ఉప్పురేణువులై గాలితో వస్తుంది. ఉప్పుకు తేమను పీల్చుకొనే గుణం ఉంది గనుక వాన లేని దినాల్లో కూడా ఇనుము ఆరదు. స్టాండు పైభాగం చూస్తే బాగానే ఉంది. చెయ్యి క్రిందికి పెడితే పెచ్చులు ఊడి వచ్చాయి. పైభాగాన్ని వానైనా కడుగుతుంది, అడుగుభాగాన్ని కడిగేవారు లేరు. అల్యూమినియం చట్రానికి ఇనుప బోల్టు బిగించినచోట తెల్లని పొడి రాలుతోంది. రెండు వేర్వేరు లోహాలు ఉప్పుతడిలో ఒకదానికొకటి ఆనుకొని ఉంటే వాటిలో ఒకటి త్వరగా తినబడుతుందట.

రెండవది బోరు నీళ్లు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని గార పట్టడం మన ఆడవారందరూ చూసిందే. నీటిలో కరిగి ఉన్న సున్నం వేడికి విడిపోయి అలా అంటుకుంటుంది. అదే గార ఆ సన్నని రాగి గొట్టాల్లో పేరుకొని దారి మూసేసింది. పలక మీద ఎండ పడుతూనే ఉంది, లోపల నీరు కదలడం లేదు.

మూడవది ఎవరికీ కనబడనిది. పింగాణీ వంటి పూత వేసిన ఇనుప ట్యాంకుల్లో ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. ట్యాంకును తినవలసిన తుప్పు ముందుగా ఆ కడ్డీని తింటుంది. ఇంజనీర్లు దానికి పెట్టిన పేరుకు బలి అయ్యే కడ్డీ అని అర్థం. అది అరిగిపోయే లోపల మార్చాలి. లేకపోతే తరువాతి వంతు ట్యాంకుదే. టీచరమ్మగారి ట్యాంకులో కడ్డీ లేదు, దాని నడుమ ఉండే తీగ మాత్రం మిగిలింది. ట్యాంకు అతుకు దగ్గర చెమ్మ అప్పటికే మొదలైంది.

కొత్తగా పెట్టించుకొనేవారికి ఆ సోదరుడు చెప్పినవి, తర్వాత నేను విచారించి తెలుసుకొన్నవి ఇక్కడ వ్రాస్తున్నాను. దుకాణానికి వెళ్లకముందే నీటిని పరీక్ష చేయించండి. త్రాగే నీటిలో లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం ఉండవచ్చునని మన దేశ ప్రమాణం చెబుతోంది. మీ బోరు నీటిలో అది బాగా మించితే, ఆ నీరు పలక గొట్టాల్లోకి పోకుండా, వాటిలో వేరే మంచినీరు తిరుగుతూ ట్యాంకుకు వేడి అందించే రకాన్ని అడగండి. లేదా లావు గాజు గొట్టాల రకం తీసుకోండి. వాటిలో గార పట్టినా దారి అంత త్వరగా మూసుకుపోదు, శుభ్రం చేయడమూ తేలిక. పలకల రకమైతే ఐ.ఎస్. 12933 ముద్ర ఉందేమో చూడండి. స్టీలు ట్యాంకు గదా, తుప్పు పట్టదులే అనుకోవద్దు. 304 రకం స్టీలుకు ఉప్పునీటిలో సూదిబెజ్జాలు పడతాయి. 316 రకం ఎక్కువ తట్టుకుంటుంది, ధర కూడా ఎక్కువే. బోల్టులు, నట్లు మాత్రం ఖర్చుకు వెనుకాడకుండా మంచి స్టీలువే వేయించండి.

పలక దక్షిణానికి తిరిగి ఉండాలి. ఉదయం 9 నుండి మధ్యాహ్నం 3 వరకు కొబ్బరిచెట్టు నీడగాని, పక్కింటి గోడ నీడగాని పడకూడదు. మనకు వేన్నీళ్లు కావలసింది చలికాలంలో. అప్పుడు సూర్యుడు దక్షిణాన వాలి ఉంటాడు. మా ఊరు దాదాపు 18 డిగ్రీల అక్షాంశం మీద ఉంది గనుక పలకకు సుమారు 30 డిగ్రీల వాలు సరిపోతుంది. చన్నీళ్ల తొట్టి సోలారు ట్యాంకు కంటే ఎత్తున ఉండాలి. ట్యాంకు మీది గాలిగొట్టాన్ని ఎన్నడూ మూయకూడదు. స్టాండును ఇటుకల మీద నిలబెట్టి సరిపెట్టుకోకుండా కాంక్రీటులోకి బోల్టులు దింపించాలి. తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ట్యాంకును నిండుగా ఉంచండి. 100 లీటర్ల నీరు అంటే 100 కిలోల బరువు, అది గాలికి అడ్డు నిలుస్తుంది.

ఇక కాపాడుకోవడం. పదిహేను దినాలకు ఒకసారి అద్దాన్ని, చట్రాన్ని, ముఖ్యంగా స్టాండు అడుగుభాగాన్ని మంచినీళ్లతో కడగాలి. ఎండ ఎక్కకముందే కడగండి. కాగిన అద్దం మీద చల్లని నీళ్లు పోస్తే పగిలే ప్రమాదముంది. గాజు గొట్టాల రకమైతే, ఎండలో ఖాళీగా కాగిన గొట్టాల్లోకి నీరు వదలకూడదు. మూడు నెలలకు ఒకసారి ట్యాంకు అడుగునుండి మడ్డి వదిలేయాలి. రాగి అతుకుల దగ్గర పచ్చని చిలుము కనబడితే అక్కడ కారుతోందని అర్థం. సంవత్సరానికి ఒకసారి, తుపానుల కాలానికి ముందు సెప్టెంబరులో, మెగ్నీషియం కడ్డీ విప్పించి చూడాలి, స్టాండు గీకించి రంగు వేయించాలి, అవసరమైతే తెలిసినవాని చేత గార కరిగింపించాలి. ఆసిడుతో చేసే పని గనుక ఇంట్లోవారు పూనుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో వేన్నీళ్లు ఎవరికీ అక్కరలేదు. అప్పుడు పలక మీద గోనెపట్టా కప్పండి. వాడకం లేకుండా అతిగా కాగితే గార మరింత పడుతుంది.

ముసురు దినాలకోసం ట్యాంకులో కరెంటు కాయిలు పెట్టించుకొంటే, ఎర్తింగు, షాకు తగిలితే కరెంటు ఆపే స్విచ్చి తప్పక ఉండాలి. మరొక మాట. 60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాలుస్తుంది. చంటిపిల్లలు, వృద్ధులు ఉన్న ఇంట్లో బకెట్టులో ముందు చన్నీళ్లు పట్టి, ఆ తర్వాతనే వేన్నీళ్లు కలపాలి.

ఇవన్నీ చదివి, "మోకాళ్లు లేవని తల్లి డాబా ఎలా ఎక్కుతుంది పాస్టరుగారూ?" అని మీరు అడగవచ్చు. అసలు సంగతి అదే. యంత్రం కొనడానికి డబ్బు చాలు, దాన్ని చూడడానికి మనిషి కావాలి. మా సంఘంలో యౌవనస్థులు నలుగురు ప్లంబరు సోదరుని దగ్గర ఈ పని నేర్చుకొన్నారు. వృద్ధులు ఒంటరిగా ఉన్న ఇళ్లను పంచుకొని, నెలకు రెండుసార్లు వెళ్లి కడిగి, వంటింట్లో మేకుకు వ్రేలాడే నోటు పుస్తకంలో తేదీ వేసి వస్తారు. దూరాన ఉన్న పిల్లలు వారికి ఖర్చులు పంపుతారు. పని ఉన్నా లేకున్నా వారు వచ్చినప్పుడల్లా ఆ పెద్దవారితో పది నిమిషాలు కూర్చుని మాట్లాడడం కూడా అలవాటైంది.

టీచరమ్మగారి పాదం మానడానికి రెండు నెలలు పట్టింది. కుమారుడు 2021లో గాజు గొట్టాల రకం పెట్టించాడు. "పాడైనప్పుడు నాకెందుకు చెప్పలేదమ్మా?" అని అతడు అడిగితే, "నువ్వు బాధపడతావని నాయనా" అన్నారామె. "నీ కాలు కాలిందని విన్నప్పుడు పడిన బాధకంటేనా?" అన్నాడు. ఆమె మాట్లాడలేదు. ఇప్పుడా ఇంట్లో నోటు పుస్తకం సగానికి పైగా నిండింది, నీళ్లు చక్కగా కాగుతున్నాయి.

తల్లిదండ్రులారా, పిల్లలు ఇచ్చిన వస్తువు పాడైతే దాచకండి. చెప్పడం వారిని నిందించడం కాదు. పిల్లలారా, పండుగకు ఇంటికి వచ్చినప్పుడు అమ్మ పెట్టిన పిండివంటలు తిన్నాక, ఒక బకెట్టు నీళ్లు, పాత గుడ్డ పట్టుకొని ఒకసారి డాబా ఎక్కండి. స్టాండు అడుగున చెయ్యి పెట్టి చూడండి. మీరు తిరిగి వెళ్లాక ఆ డాబా ఎవరు ఎక్కుతారో, వారి పేరు ఖాయం చేసుకొని మరీ బస్సెక్కండి.