ఊరికే తోలే గాలి, కొనుక్కునే గాలి



పోయిన ఉత్తరంలో మైపాడు రోడ్డు బ్యాటరీ ఆటోల గురించి రాస్తే, మీలో చాలామంది ఒకటే అడిగారు. ఆటో పోతుంటే ఎదురుగాలి ఎలాగూ కొడుతుంది కదా, టాపు మీద ఓ ఫ్యాన్ బిగించి ఆ కరెంటు బ్యాటరీకే ఎక్కించుకుంటే ఛార్జింగ్ ఖర్చు తప్పదా అని.

తప్పదు, పైగా ఇంకాస్త పెరుగుతుంది. సముద్రం మీంచి తోలే గాలి ఊరికే వస్తుంది. ఆటో ముందు కొట్టే గాలి అలాంటిది కాదు. దాన్ని పుట్టించింది మోటారు, మోటారుని నడిపింది బ్యాటరీ. ఫ్యాన్ తిరగాలంటే గాలికి అడ్డం నిలవాలి, ఆ మేరకు బండిని వెనక్కి నెట్టాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో 40 సెంటీమీటర్ల ఫ్యాన్ గుండా పోయే గాలిలో ఉండేది సుమారు 100 వాట్లు. అందులో 59 శాతానికి మించి ఏ ఫ్యానూ రాబట్టలేదని జర్మనీ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ 1919లోనే తేల్చాడు. చిన్న ఫ్యాన్‌కి పాతిక, ముప్పై వాట్లొస్తే గొప్ప. ఆ పై హద్దు దగ్గర, ఏ లోపమూ లేని ఫ్యాన్ కూడా ప్రతి 100 వాట్లు ఇవ్వడానికి బండి నుంచి 150 లాక్కుంటుంది!

పాత ప్యాసింజర్ రైళ్లు గుర్తున్నాయా? బోగీ కింద చక్రాల మధ్య నల్ల బెల్టులు కనపడేవి. ఇరుసు తిరుగుతుంటే అవి ఆల్టర్నేటర్‌ని తిప్పి 110 వోల్టుల బ్యాటరీలను ఛార్జ్ చేసేవి. మన లైట్లూ ఫ్యాన్లూ ఊరికే నడిచినట్టుండేది గానీ, ఆ భారమంతా ఇంజనుదే. సిగ్నల్ దగ్గర బండి మరీ ఎక్కువసేపు ఆగిపోతే లైట్లు గుడ్డివయ్యేవి.

మరి 2012లో కాలిఫోర్నియాలో బ్లాక్‌బర్డ్ అనే బండి ఇంజను లేకుండా, గాలికి ఎదురెళ్లి, గాలికి రెట్టింపు వేగం అందుకుందే అంటారు. నిజమే. దాని మరను తిప్పింది నేల మీద అప్పటికే వీస్తున్న గాలి. గాలి తోలని రోజు ఆ బండి అడుగు కదలదు.

పోనీ, ఆటోని మైపాడు సముద్రం ఒడ్డున ఆపి పెడితే? అప్పుడు వచ్చేది ఊరికే వచ్చిన కరెంటే. కానీ గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది. గంటకు 18 కిలోమీటర్ల గాలిలో ఆ ఫ్యాన్ ఇచ్చేది మూడు వాట్లు. లంగరేసిన పడవలో చిన్న ఎల్ఈడీ దీపానికి సరిపోతుందేమో గానీ, దాదాపు ఐదు యూనిట్లు పట్టే 48 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ బ్యాటరీకి ఏ మూలకి? నన్నడిగితే టాపు మీద పెట్టాల్సింది సోలార్ ప్యానెల్. మన ఎండకి 300 వాట్ల పలక రోజుకో యూనిట్ తేలిగ్గా ఇస్తుంది.

ఆటో ఫ్యాన్ అమ్ముతామని ఎవరైనా వస్తే డబ్బులివ్వకండి. ఒకే రోడ్డు మీద, ఒకే వేగంతో, ఫ్యాన్ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి నడపమనండి. తర్వాత బ్యాటరీ నిండడానికి ఏసారి ఎన్ని యూనిట్లు పట్టిందో మీటర్లో మీరే చూసుకుని, ఆ అంకెలు నాకు రాయండి.