రీలు పోయాక మిగిలిన విద్య

ముప్పై ఆరు ఫొటోల రీలు ఉన్న రోజుల్లో క్లిక్కుమనిపించే ముందు చెయ్యి కాస్త ఆగేది. తలంబ్రాలకు ఇన్ని, అప్పగింతలకు ఇన్ని అని లెక్క వేసుకునేవాళ్లం. రీలు కడిగించి ప్రింట్లు చేతికొచ్చేదాకా ఏది బాగా పడిందో, ఎవరు కళ్లు మూశారో తెలిసేది కాదు. ఆ రీళ్లు, ఆ కడుగుళ్ల మీదే అమెరికా సంస్థ కొడాక్ దశాబ్దాలపాటు రాజ్యమేలింది.

డిజిటల్ కాలాన్ని పసిగట్టలేకే కొడాక్ దెబ్బతిందని అంటుంటారు. నాకలా అనిపించదు. 1975లో డిజిటల్ కెమెరాను తయారుచేసింది అక్కడి యువ ఇంజనీరు స్టీవెన్ సాసనే. దాని బరువు మూడున్నర కిలోల పైమాటే. ఒక్క బొమ్మ క్యాసెట్ మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. అంటే రాబోయేది ముందే కంటపడింది. కానీ రీళ్ల మీద లాభాలు దండిగా వస్తుంటే, చేజేతులా ఎవరు పోగొట్టుకుంటారు? పైగా 1994లో రసాయనాల వ్యాపారాన్ని విడదీసి, మందుల వ్యాపారాన్ని అమ్మేసి, ఫొటోలనే నమ్ముకుంది. 2012 జనవరిలో దివాలా పిటిషన్ వేసింది.

జపాన్‌లో ఫుజీఫిల్మ్‌కీ అదే గండం. 2000లో అధ్యక్షుడైన షిగెటాకా కొమోరి హయాంలో ఆ సంస్థ, తనకు వచ్చిన విద్యలేమిటో వెతుక్కుంది. ఫిల్ములో వాడే జిలటిన్ కొలాజెన్ నుంచి వచ్చేదే. మన చర్మంలో ఉండేదీ కొలాజెనే. ఫొటో వెలిసిపోకుండా కాపాడే పరిజ్ఞానం ముఖానికి రాసుకునే క్రీములకు అక్కరకొచ్చింది. 2007లో ఆ క్రీములు ఆస్టాలిఫ్ట్ పేరుతో బజారులోకి వచ్చాయి. పలచని పొరలు చేసే నేర్పు ఎల్‌సీడీ తెరలకు పనికొచ్చింది. అలాగని ఇదంతా సుఖాంతమేం కాదు. 2006లో ఫొటో విభాగంలో 5,000 ఉద్యోగాల కోత ప్రకటించారు. సంస్థ గట్టెక్కినా అందరి కొలువులూ నిలవలేదు.

మన ఊళ్లలోనూ డార్క్‌రూముల్లో ఎర్రబల్బులు ఆరిపోయాయి. కొన్ని స్టూడియోలు జిరాక్స్ సెంటర్లయ్యాయి, కొన్ని డ్రోన్లు కొన్నాయి. నిలదొక్కుకున్న ఫొటోగ్రాఫర్‌ని పెళ్లిలో గమనించండి. చేతిలో కెమెరా మారింది గానీ, పెళ్లికూతురిని గడ్డం కాస్త ఎత్తమనడం, బిగుసుకుపోయిన పెళ్లికొడుకుని ఒక్క మాటతో నవ్వించడం మారలేదు.

యాప్ ఒకటి పెట్టేసి డిజిటల్ అయిపోయామనుకునే సంస్థలు ఇప్పుడు చాలానే ఉన్నాయి. డబ్బిస్తే యాప్ ఎవరైనా చేసిపెడతారు. ఏ లాభం వదులుకోవాలో, ఏ విద్య నిలుపుకోవాలో మాత్రం ఎవరికి వారే తేల్చుకోవాలి. అదీ గల్లాపెట్టె నిండుగా ఉన్నప్పుడే.