చిటపటలూ చిడతలూ

పాత రికార్డింగులు బాగుచేయడం నా పని. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. మూడో అంతస్తులో ఒక గది, కిటికీకి అడ్డంగా రెండు బొంతలు, ఒక స్పూల్ మెషీను, రెండు క్యాసెట్ డెక్కులు, కంప్యూటరు. హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, టేపు ఎక్కడ 'టప్' మందో రోజంతా వెతుక్కోవడమే.

పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లకి ముందు ఒక రికార్డు వినిపిస్తాను. ఇంగ్లండు రాక్ బ్యాండ్ 'ది హూ' వాళ్ల 'లైవ్ ఎట్ లీడ్స్'. 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ యూనివర్సిటీలో, విద్యార్థులు అన్నాలు తినే హాల్లో జరిగిన కచేరీ అది. అంతకుముందు ఏడాది అమెరికా పర్యటనలో వాళ్ల సౌండ్ మనిషి బాబ్ ప్రిడెన్ కచేరీలు వరసపెట్టి టేపు చేశాడు. గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఆ కుప్ప చూసి, ఇవన్నీ కూర్చుని ఎవరు వింటారు, తగలబెట్టెయ్ అన్నాడట. మా వృత్తిలో ఉన్నవాడెవడైనా ఆ మాట వింటే కడుపు తరుక్కుపోతుంది. ఆల్బమ్ కోసం కొత్తగా రెండు రాత్రులు రికార్డు చేశారు. లీడ్స్ ఒకటి, మర్నాడు హల్ ఊళ్లో ఇంకొకటి.

తీరా చూస్తే లీడ్స్ టేపు నిండా చిటపటలు. అప్పట్లో ఎడిటింగంటే బ్లేడు, అతుకు టేపు. ఎనిమిది ట్రాకుల టేపులో ఒక ట్రాకు చిటుక్కుమందని అక్కడ కోస్తే మిగతా ఏడూ తెగుతాయి. చేసేది లేక అలాగే వదిలేశారు. వదిలేసి ఊరుకోలేదు, చిటపటలు ఉంటాయి, సరిచేయకండి అని రికార్డు లేబుల్ మీదే చేత్తో రాసి అచ్చేశారు. అట్ట కూడా దొంగ రికార్డు వాలకమే, గోధుమరంగు కాగితం మీద రబ్బరు స్టాంపు కొట్టినట్టు పేరు. ఆరే పాటలు. ఆ తెగింపు నాకు భలే ఇష్టం. మా దగ్గరికొచ్చే కస్టమర్లకి అందులో పావు వంతున్నా బాగుండును!

పాతికేళ్ల తర్వాత, 1995లో, జాన్ ఆస్ట్లీ అనే సౌండ్ ఇంజనీరు ఆ టేపులు మళ్లీ ముందేసుకున్నాడు. ఈసారి బ్లేడు బదులు కంప్యూటరుంది. చిటపటలు పోయాయి, ఆరు పాటలు పద్నాలుగయ్యాయి. 2001లో వాళ్ల 'టామీ' ఆల్బమ్ పాటలతో సహా రెండు సీడీలుగా కచేరీ బయటికొచ్చింది.

చిటుకు తీయడం ఎలాగంటే, సీడీలో సెకను శబ్దానికి 44,100 చుక్కలు. రెండు మిల్లీసెకన్ల చిటుకంటే 88 చుక్కలన్నమాట. తెర మీద పెద్దది చేసి చూస్తే అల మధ్యలో సూదిలా నిటారుగా లేచి ఉంటుంది. దాన్ని చెరిపేసి, అటూ ఇటూ ఉన్న అల వాలు చూసుకుని ఖాళీ పూడుస్తాం. చిక్కేమిటంటే, డ్రమ్ము మీద కర్ర పడిన క్షణమూ తెర మీద దాదాపు అలాగే ఉంటుంది. 'ది హూ' డ్రమ్మర్ కీత్ మూన్ లాంటివాడి టేపుని గుడ్డిగా ఆటోమేటిక్‌కి వదిలేస్తే డ్రమ్ములు కాస్తా తలగడ మీద బాదినట్టు తయారవుతాయి.

ఇదంతా తెలిసీ నేనే బోల్తాపడ్డాను. గోదావరి జిల్లా నుంచి ఒకాయన వాళ్ల నాన్నగారి హరికథ క్యాసెట్టు తెచ్చారు, సీతాకల్యాణం. జనరేటరు గుర్రు, మైకు సెట్టు గీపెట్టడం, వైరు ఊడి తగులుకున్నప్పటి చిటపటలు, అన్నీ ఉన్నాయి. పని తొందరలో ఉండి ఆటోమేటిక్‌కి పెట్టేసి టీ తాగడానికి వెళ్లాను. సాయంత్రం ఆయనకి వినిపించాను. కళ్లు మూసుకుని విన్నారు. పాట అద్దంలా ఉంది.

"బావుందండీ. మరి మా నాన్న చేతిలో చిడతలేవీ?"

వెనక్కి తిప్పి చూసుకున్నాను. దాసుగారు చిడత కొట్టినచోటల్లా కంప్యూటరు శుభ్రంగా ఊడ్చేసింది. ఆ రాత్రంతా కూర్చుని ఏది వైరో ఏది చిడతో ఒక్కొక్కటే విని ఏరాను. తాళంలో పడేది చిడత, తాళం తప్పేది వైరు. ఎత్తుగడ దగ్గర ఒకటి మాత్రం ఏదో తేలక ఉంచేశాను.

ఇక 'ది హూ' వాళ్ల హల్ టేపులది మరో బాధ. మొదటి నాలుగు పాటలకి వాళ్ల జాన్ ఎంట్‌విసిల్ వాయించిన బేస్ గిటారు రికార్డే కాలేదు. 2010లో ఆ కచేరీని విడుదల చేసేనాటికి ఆయన పోయి ఎనిమిదేళ్లయింది. ముందురాత్రి లీడ్స్‌లో అవే పాటలకి ఆయన వాయించిన బేస్‌ని తెచ్చి హల్ డ్రమ్ముల మీద కూర్చోబెట్టారు. ఇలాంటి అతుకులంటే నాకు గిట్టదు. కానీ ఇది తప్పనిపించలేదు. వేళ్లు ఆయనవే, పాటా అదే, తేడా ఒక్క రాత్రి.

ఆ కథ చెప్పగానే మా దాసుగారబ్బాయి ముఖం వెలిగింది. ఆయన క్యాసెట్టుకీ ఓ గొయ్యి ఉంది. ఏ వైపు నిండిపోయి బీ వైపు తిప్పేలోగా విల్లు విరిచే ఘట్టం పోయింది. ఇటు రాముడు వింటి మీద చెయ్యేశాడు, అటు తిప్పేసరికి సీతమ్మ దండ వేసేస్తోంది. ఇంకో ఊళ్లో చెప్పిన ఇదే కథ ఆయన దగ్గరుంది. పెట్టి చూశాను. శ్రుతి వేరు, గొంతు పదేళ్లు ముసలిది.

ఆయన కాసేపు ఆలోచించి క్యాసెట్టు జేబులో పెట్టుకున్నారు. "పోన్లెండి. అక్కడ ఆపి ఆ ముక్క నేను చెప్తాను మా పిల్లలకి."