తౌహీన్ అంటే తిట్టడమే అనుకున్న

పోయిన జుమ్మా నమాజ్ అయినంక మస్జిద్ బయట చెప్పులు వెతుక్కుంటుంటే, మా మొహల్లాలనే ఉండే ఒక పెద్దాయన భుజం మీద చెయ్యేసి నన్ను పక్కకు తీసుకపోయిండు. ఆయన కొడుకు మీద ఫ్యామిలీ కోర్టుల ఆర్డర్ అయింది. తలాఖ్ ఇచ్చిన కోడలికి, మనవరాలికి నెలనెలా ఖర్చా ఇవ్వాలె అని. "మాస్టర్ సాబ్, ఇయ్యకపోతే ఏమైతది? కాగజ్ కా తుక్డా హై. ఇద్దత్ కూడ అయిపాయె. అప్పీల్ చేస్తున్నం గద" అన్నడు.

రెండు మూడేండ్ల కింద ఇసొంటి మాటనే నేనూ అన్న. గొంతు కూడ ఇట్లనే పెట్టి.

ఆయనకు ఎండల నిలబడి రెండు ముక్కలు చెప్పిన గాని తృప్తి కాలె. అందుకే ఇక్కడ రాస్తున్న. మా చెల్లె ఇజాజత్ తీసుకునే రాస్తున్న. ఆమె పెట్టిన షరత్ ఒక్కటే: "పేర్లు వద్దు భాయ్‌జాన్. ఆయన పేరు కూడ వద్దు. రేపు పిల్లగాడు చదువుకుంటడు."

మా చెల్లె ఖులా తీసుకునేనాటికి మా భాంజాకు నాలుగేండ్లు. వరంగల్ ఫ్యామిలీ కోర్టుల రెండు వేరువేరు ఆర్డర్లు అయినయి. ఒకటి ఖర్చాది: పిల్లగానికి నెలకు ఆరు వేలు, పదో తారీకు లోపల. రెండోది ములాఖాత్‌ది: నెలకు రెండు ఆదివారాలు, పొద్దున పది నుంచి సాయంత్రం అయిదు దాక, ఇంకా ప్రతి ఈద్‌కు బాసీ ఈద్ రోజు, వాళ్ల అబ్బా మా ఇంటికి వచ్చి పిల్లగాన్ని తీసుకపోవచ్చు. రెండు ఆర్డర్లు, రెండు నంబర్లు, రెండు ఫైళ్లు. మా ఇంట్ల మాత్రం రెండింటినీ ఒకే ప్లాస్టిక్ కవర్ల పెట్టినం. నా దిమాగ్‌ల కూడ అవి ఒకటే అయిపోయినయి.

కొన్ని నెలలు బాగనే నడిచింది. తర్వాత పైసలు ఆగిపోయినయి. అతనికి మోటర్ సైకిళ్ల మెకానిక్ షెడ్డు ఉన్నది. ధంధా లేదు అని ఒకసారి, వచ్చే నెల కలిపి ఇస్త అని ఒకసారి కబురు పంపిండు. నాలుగు నెలలు అట్లనే పోయినయి. చెల్లె మిషిన్ కుట్టి స్కూల్ ఫీజు కట్టింది. నేను కొంత ఏసిన. నా గుస్సా మాత్రం కట్టిన పైసల కంటె ఎక్కువ పెరిగింది.

2023 రమజాన్ ఆఖరి అష్రాల, ఇఫ్తార్ దస్తర్‌ఖాన్ కాడ నేనే ఫైస్లా చేసిన. "పైసలు లేవా, పిల్లగాడు లేడు. హిసాబ్ బరాబర్."

అమ్మీ వద్దన్నది. "పండుగ పూట బాప్‌ను గడప కాడికెళ్లి వాపస్ పంపొద్దు బేటా." చెల్లె ఏం అనలె. అబ్బా ఇంతెఖాల్ తర్వాత మా ఇంట్ల నేను ఒక మాట అన్నంక ఎవరూ ఏం అనరు. ఆ చుప్పీని నేను ఒప్పుకోవడం అనుకున్న.

ఈద్ శనివారం అయింది, బాసీ ఈద్ ఆదివారం. ఫజర్ కాంగనే ఆటో మాట్లాడి, అందరం జనగామల ఖాలా ఇంటికి పోయినం. పిల్లగాడు కొత్త షేర్వానీ ఏసుకున్నడు. బస్సుల "మామూ, ఇయ్యాల అబ్బా వస్తడు గద?" అని అడిగిండు. నేను చిప్స్ ప్యాకెట్ కొనిచ్చిన. అతను పదింటికి వచ్చిండట. పన్నెండు దాక గల్లీల నిలబడ్డడట, బండి మీద చిన్న పిల్లల సైకిల్ కట్టుకొని. పోయేటప్పుడు మా తాళాన్ని ఫోన్ల వీడియో తీసుకున్నడట. పక్కింటోళ్లు చెప్తే నాకు ఖుషీ అయింది. సచ్ చెప్పాలె గద, ఖుషీనే అయింది.

ఆ తర్వాత ఇంకో నాలుగు ఆదివారాలు. ఒకసారి జ్వరం అన్నం, ఒకసారి పరీక్షలన్నం, రెండుసార్లు తాళమే. జూన్ల అతని వకీల్ నోటీస్ రిజిస్టర్డ్ పోస్టుల వచ్చింది. వకీల్ నోటీసే గద అని అల్మారా మీద పడేసిన. ఆగస్టుల హైకోర్టు నుంచి వచ్చింది. కంటెంప్ట్ కేసు. ఫలానా తారీకు స్వయంగా హాజరు కావాలె అని ఉన్నది.

దాని మీద పేరు నాది కాదు. చెల్లె పేరు. ఆ పేరు పక్కన, ఫలానా వారి కూతురు అని, మర్హూమ్ మా అబ్బా పేరు. జిందగీల ఒక్కసారి కూడ పోలీస్ స్టేషన్ మెట్టు ఎక్కని మనిషి పేరు అది. తాళం వేసింది నేను, ఆ చెవి నా జేబులనే ఉండె.

ఉర్దూ అఖ్బార్లల్ల "తౌహీనే అదాలత్" అన్న మాట చిన్నప్పటి నుంచి చదువుతున్న. జడ్జిని తిడితే, కోర్టుల లొల్లి చేస్తే అయ్యేది అనుకున్న. తౌహీన్ అంటే మనకు తెలిసింది అదే గద. పిల్లగాన్ని తీసుకొని ఖాలా ఇంటికి పోవుడు కూడ తౌహీన్ అయితదని తెల్వదు.

మా వకీల్ మేడమ్ కోపానికి రాలె, అదే నాకు ఎక్కువ షర్మ్ అనిపించింది. కాగితం మీద గీసి చెప్పింది. 1971ల చేసిన కోర్టు ధిక్కార చట్టం ఉన్నది. కోర్టు ఇచ్చిన హుకుమ్‌ను తెలిసి, జాన్‌బూఝ్‌కే పాటించకపోవుడు సివిల్ కంటెంప్ట్. కింది కోర్టు ఆర్డర్‌కు నాఫర్మానీ చేస్తే కూడ హైకోర్టు సజా ఇవ్వొచ్చు. ఆరు నెలల దాక జైలు, లేకుంటే రెండు వేల దాక జుర్మానా, లేకుంటే రెండూ. దిల్‌సే మాఫీ అడిగితే, కోర్టుకు అది నిజమనిపిస్తే, వదిలెయ్యొచ్చు. "రెండు వేలే గద" అని నేను నోరు జారిన. ఆమె కళ్లజోడు తీసి నా దిక్కు చూసింది. "ఆరు నెలలు అన్నది వినలేదా మాస్టర్ గారు?"

"మరి అతను ఖర్చా ఇస్తలేడు గద మేడమ్" అన్న.

"దానికి మీరేం చేశారు?"

ఏం చెయ్యలె. అసలు సంగతి అక్కడ ఉన్నది. ఖర్చా ఎగ్గొట్టినోనికి కోర్టుల వేరే తొవ్వ ఉన్నది. అప్పటి సీఆర్‌పీసీల 125, దాంట్లనే మూడో సబ్ సెక్షన్. 2024 జులై నుంచి అదే బీఎన్‌ఎస్‌ఎస్‌ల 144 అయింది. బాకీ పడ్డ సంవత్సరం లోపల దరఖాస్తు పెడితే వారంట్ తీస్తరు, సామాను జప్తు చేస్తరు. అయినా కట్టకపోతే ఒక్కో నెల బాకీకి నెల రోజుల దాక జైలు. జైలుకు పోయొచ్చినంత మాత్రాన బాకీ మాఫ్ కాదు, అది అట్లనే ఉంటది. ఇంత మంచి దర్వాజా తెరిచి ఉండంగ నేను గోడ దూకిన. దూకి మా చెల్లె మీద పడ్డ.

మేడమ్ చెప్పిన ఇంకో మాట నాకు ఇప్పటికీ చెవుల మోగుతది. పైసలకు పిల్లగాన్ని, పిల్లగానికి పైసలను లంకె పెట్టొద్దు. ఖర్చా పిల్లగాని హక్, ములాఖాత్ కూడ పిల్లగాని హక్. ఒక హక్ దొరకలేదని మీరు రెండోది కూడ గుంజుకున్నరు అన్నది.

నేను దీన్ తెలిసిన మనిషినని చెప్పుకుంట. అబూ సుఫియాన్ బీవీ హింద్ వాఖియా ఎన్ని ఖుత్బాలల్ల విన్న! మొగుడు పిసినారి, ఇంటికి సరిపోయేంత ఇస్తలేడని ఆమె హుజూర్ (స.అ.స.) కాడికి పోయి చెప్పుకున్నది. ఆమెకు, పిల్లలకు మునాసిబ్‌గ సరిపోయేంత అతని మాల్ నుంచి తీసుకోవచ్చని ఇజాజత్ దొరికింది. పిల్లల్ని దాచిపెట్టమని ఆ రివాయత్‌ల ఎక్కడ లేదు.

హైకోర్టు తారీకు నాడు కాజీపేటల పొద్దుగాల రైలెక్కినం. అఫ్జల్‌గంజ్ దాటి మూసీ మీద బ్రిడ్జి ఎక్కితే ఎర్ర రాయి, గుమ్మటాలు కనబడ్డయి. నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ జమానాల 1920ల తెరిచిన ఇమారత్. చార్మినార్ చూపిస్త అని స్కూల్ పిల్లల్ని ఎన్నిసార్లు ఆ తొవ్వన తీసుకపోయిన! బస్సుల నుంచి "అది హైకోర్టు" అని వేలు పెట్టి చూపిచ్చిన. ఇప్పుడు చెల్లె బుర్ఖా సర్దుకుంట నా ఎనక ఎనక నడుస్తుంటే ఆ మెట్లు చాన ఎత్తు అనిపించినయి.

మాఫీనామా అఫిడవిట్ ముందే రాసుకొని పోయినం. పోయిన ములాఖాత్‌లకు బదులు వేరే ఆదివారాలు ఇస్తం, ఇక ముందు ఆర్డర్ తప్పం అని వాదా. మా కేసు పిలిచేసరికి మధ్యాహ్నం అయింది. జడ్జి గారు కాగితాలు చూసి, తెలుగులనే అడిగిండు: "చదువుకున్నట్టున్నవమ్మా. ఆర్డర్ ఉన్నదని తెలుసు గద. ఎవరు పంపొద్దన్నరు?"

నేను ఎనక బెంచీ కాడ నిలబడి ఉన్న. నోరు తెరువాలె అనుకున్న. తెరువలె.

"నేనే సార్" అన్నది చెల్లె.

మాఫీ కబూల్ చేసి, వాదా రికార్డు చేసుకొని కేసు మూసేసిండ్రు. అయిదు ములాఖాత్‌లు ఎక్కువ ఇవ్వాలె అన్నరు. మొత్తం అయిదారు నిమిషాల పని. బయటికి వచ్చి మదీనా కాడ చాయ్ తాగినం. అట్ల ఎందుకు చెప్పినవ్ అని అడిగిన. చెల్లె ఉస్మానియా బిస్కెట్ చాయ్‌ల ముంచుకుంట, "మీ నౌకరీ ఉన్నది గద భాయ్‌జాన్" అన్నది. అంతే. ఆ మాట ఎన్నడూ మళ్ల తీయలె.

ఖర్చా సంగతి తొందరగ చెప్త. వరంగల్‌ల దరఖాస్తు ఏసినం. వారంట్ దాక పోయినంక రెండు కిస్తీలల్ల మొత్తం కట్టిండు. నిజంగనే ఆ నెలలల్ల అతని ధంధా దెబ్బతిన్నదని తర్వాత తెలిసింది. అట్లయినా అతనూ కోర్టుకు పోయి రఖమ్ తగ్గియ్యమని అడగాలె, దానికీ కానూన్‌ల జాగ ఉన్నది. చుప్‌చాప్ కూసుంటే మాత్రం ఇవ్వలేకపోవుడుకు, ఇవ్వకపోవుడుకు ఫరక్ ఎవరికి తెలుస్తది? అతనూ నా లెక్కనే గోడ దూకిండు.

మా మొహల్లా పెద్దాయనకు ఆ నాడు చెప్పిన ముక్కలు ఇవే. అప్పీల్ వేసినంత మాత్రాన ఆర్డర్ ఆగదు, స్టే వస్తేనే ఆగుతది. జమాత్ పెద్దలు కూసోబెట్టి సుల్హ్ చేస్తే మంచిదే, గాని దాన్ని కోర్టుల రాయించి ఆర్డర్ మార్పించుకోకపోతే పాత హుకుమే నడుస్తది. ఇద్దత్ మాట కూడ ఎత్తిండు కాబట్టి చెప్పిన: మన తెలంగాణ మనిషే ఒకాయన తలాఖ్ అయిన బీవీ ఖర్చా మీద సుప్రీం కోర్టు దాక పోయిండు. ఫ్యామిలీ కోర్టు నెలకు 20,000 అంటే, హైకోర్టు 10,000 చేసింది. అది కూడ వద్దని పోయిండు. 2024 జులై 10న కొట్టేసిండ్రు. తలాఖ్ అయిన ముస్లిం ఔరత్ కూడ 125 కింద అడగొచ్చని సాఫ్‌గ చెప్పిండ్రు. షరియత్ బహెస్ మస్జిద్‌ల ఎంతైనా చేసుకోవచ్చు, ఎవరి రాయ్ వాళ్లది. కోడలి చేతిల ఉన్న ఆర్డర్ దాంతోని చెల్లకుండ పోదు. మనవరాలి ఖర్చా మీద బహెస్‌కు జాగనే లేదు, అది ఎట్లయినా బాప్ మీదనే.

ఆయన తల ఊపిండు. కొడుకుకు చెప్తడో లేదో.

ఇదంత రాయడానికి నాకు ధైర్యం ఇచ్చింది హైకోర్టు కాదు. కేసు మూసేసినంక వచ్చిన మొదటి ఆదివారం, పదింటికి బండి చప్పుడు వినంగనే మా భాంజా ఎవరూ చెప్పకుండనే లేచి పోయి మంచం కింద దూరిండు. "మామూ, నేను లేనని చెప్పు" అన్నడు గుసగుసగ. నేను మోకాళ్ల మీద కూసోని, పో బేటా, అబ్బా వచ్చిండు, ఇప్పుడు పోవచ్చు అంటే నమ్మలె. నన్ను ఎందుకు నమ్ముతడు? చివరికి అమ్మీ వచ్చి చెయ్యి చాపితే బయటికొచ్చిండు.

ఇప్పుడు ఏడేండ్లు దాటినయి. దాక్కోవుడు బంద్ అయింది. గాని ఆదివారం ఎవరు తలుపు కొట్టినా ముందు నా ముఖం చూస్తడు.

మొన్నటి ఆదివారం అతను పదిన్నరకు వచ్చిండు. అరగంట లేటు. నాకు మళ్ల నాలిక దురద పెట్టింది. చెల్లె డైరీల టైమ్ రాసుకొని, పిల్లగానికి చెప్పులు తొడిగింది. సైకిల్ కూడ తీసుకపోత అన్నడు పిల్లగాడు. అదే సైకిల్. దాన్ని బండి మీద కట్టుడుకు ఇద్దరం కలిసి తాడు పట్టినం.