గుడ్ల లెక్కా? పిల్లల లెక్కా?

మన ఆఫీసుల్లో ఒక జబ్బుంది. టెస్ట్ కేసులన్నీ పాసయ్యాయని రిపోర్టు పంపేస్తాం. వాడేవాడికి పని జరిగిందా అని మాత్రం ఎవరూ అడగరు. తల్లీబిడ్డల పథకాల లెక్కలు చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది.

మాది నారాయణఖేడ్. తెలంగాణలో 2015 జనవరి 1న ఆరోగ్య లక్ష్మి మొదలైంది. గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలోనే ఒక పూట భోజనం: అన్నం, పప్పు, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు. ఇంటికిస్తే అందరూ పంచుకుంటారు, ఆమెకి మిగిలేది తక్కువ. అందుకే అక్కడే కూర్చుని తినమన్నారు. మంచి ఆలోచనే, కాదనను.

మరి ఫలితం? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 2015-16కీ 2019-21కీ మధ్య రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు 91.5 నుంచి 97 శాతానికి పెరిగాయి. సంతోషం. కానీ అయిదేళ్ళలోపు పిల్లల్లో వయసుకి తగ్గ ఎత్తు లేనివాళ్ళు 28 నుంచి 33 శాతానికి, రక్తహీనత ఉన్నవాళ్ళు 61 నుంచి 70 శాతానికి పెరిగారు. అయితే పథకం దండగేనా? అదీ తొందరపాటే. పథకం లేకపోతే ఎలా ఉండేదో తెలియాలంటే పోల్చి చూడ్డానికి ఇంకో గుంపు ఉండాలి కదా!

అలాంటి పని మన దగ్గరే జరిగింది. 1987-90లో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు హైదరాబాద్ దగ్గర 29 ఊళ్ళు తీసుకున్నారు. అంగన్‌వాడీ తిండి అందినవి 15, ఇంకా అందనివి 14. ఆ పిల్లలు 13-18 ఏళ్ళవాళ్ళయ్యాక మళ్ళీ వెళ్ళి కొలిచారు. తిండి అందిన ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారని 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. చిన్న అంకెే అనిపించొచ్చు. కానీ నిజాయితీగా కొలిచిన అంకె.

మా వైపు ఇంకో చిక్కుంది. దసరా దాటితే తండాల నుంచి జంటలు జంటలుగా చెరకు కొట్టడానికి వలస పోతారు, నెలల తరబడి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. కడుపుతో ఉన్న ఆడమనిషి కూడా పోతుంది. పేరు ఇక్కడి రిజిస్టర్లో, మనిషి ఎక్కడో చెరకు తోటలో. వచ్చినవాళ్ళకి ఎన్ని గుడ్లు పెట్టామన్నదే లెక్కయితే ఆమె అందులో ఎక్కడా కనపడదు. మన భాషలో చెప్పాలంటే, రిక్వెస్ట్ సర్వర్‌దాకా రాలేదు, కాబట్టి లాగ్‌లో ఎర్రరూ లేదు!

అందుకే నేననేది, లెక్క తాళం వేసిన ఇళ్ళ నుంచి మొదలుపెట్టాలి. పేరు రాయించుకున్నవాళ్ళలో ఎవరు ఎన్ని రోజులు తిన్నారు, బిడ్డ ఎంత బరువుతో పుట్టింది, రెండేళ్ళకి ఎంత ఎత్తుంది, ఇవి రాయండి. వలస పోయినవాళ్ళవి విడిగా రాయండి. ఆ రెండో కాలమ్ చూశాక, గుడ్డు ఆమె ఉన్న చోటికి వెళ్ళాలా వద్దా అని ఇంకెవరూ వాదించక్కర్లేదు.