మిషనాయిలూ, మావయ్య పెడలూ

లోకంలో చేతులకున్న పరపతి కాళ్ళకు లేదు. కూర కుదిరితే వండినావిడ చెయ్యి మంచిదంటారు. మందు పనిచేస్తే డాక్టరుగారి హస్తవాసి. ముగ్గు, వీణ, మద్దెల, ఆఖరికి ఆవకాయ కూడా చేతుల ఖాతాలోకే వెళుతుంది. కాళ్ళ ప్రసక్తి వచ్చేదల్లా కొత్తకోడలు కాలు పెట్టిన వేళావిశేషాన్ని తవ్విపోసేటప్పుడే. నాట్యం చేసేవాళ్ళని మినహాయించండి, వాళ్ళకి గజ్జెలున్నాయి కనక దృష్టి అటు పోతుంది. మామూలు కాళ్ళ గతి ఇంతే. అందుకే కాబోలు, పాటకచేరీలో డ్రమ్ములు వాయించే మనిషి కేసి చూసే వాళ్ళందరూ గాలిలో తిరిగే పుల్లల్నే చూస్తారు. కింద, పెద్ద డ్రమ్ము వెనకాల, ఆ మనిషి కుడికాలు ఏం చేస్తోందో ఒక్కరూ చూడరు.

నేను చూసేదాన్ని. నా గొప్పేం లేదు. ఏడెనిమిదేళ్ళ వయసులో స్టేజీ అంచున గెడ్డం ఆనించి నిలబడితే, కళ్ళకి సరిగ్గా ఎదురుగా కనిపించేది మా మావయ్య కాలూ, దానికింద పెడలూను.

మా అమ్మ పుట్టిల్లు ముక్తేశ్వరం. గోదావరి రేవు, అవతలి ఒడ్డున కోటిపల్లి, మధ్యలో పంటు. 1980ల్లో మా మావయ్య ఓ ఆర్కెస్ట్రాలో 'జాజ్' వాయించేవాడు. మావైపు ఆ డ్రమ్ముల సెట్టు మొత్తాన్నీ జాజ్ అనేవారు. ఆ పేరుతో అమెరికాలో ఏకంగా ఒక సంగీతమే ఉందని నాకు బి.ఏ.లో చేరేదాకా తెలియదు. సంక్రాంతి తీర్థాలకీ, శివరాత్రికీ, వినాయకచవితి పందిళ్ళకీ ఈ బృందం పంటెక్కీ, ఎడ్లబండెక్కీ వెళ్ళేది. పెడలు మాత్రం డ్రమ్ములతో పాటు బండిలో వేసేవాడు కాదు మావయ్య. తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకునేవాడు. సొంత కొడుకుని ఏనాడూ అలా ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఎరగడని మా అత్తయ్య ఇప్పటికీ అంటుంది.

1984లో మద్రాసు వెళ్ళి, సినిమా పాటల రికార్డింగులలో వాయించి వాయించి పని మానుకున్న ఓ పెద్దాయన దగ్గర కొన్నాడు దాన్ని. అప్పటికే అది పాతది. డబ్బు ఎక్కడిదంటారా? అత్తయ్య మెడలో గొలుసు అమలాపురంలో తాకట్టులోకి వెళ్ళింది. "కాలితో తొక్కే దానికోసం మెళ్ళో ది తీసిచ్చానే" అని నవ్వుతుంది ఆవిడ.

చూడ్డానికి ఆ వస్తువులో ఏమీ లేదు. పాదం ఆనడానికి గీతలు పడిన లోహపు పలక, మడమ దగ్గర ఓ కీలు. పలక ముందు అంచు నుంచి పైకి ఒక తోలు పట్టీ. ఆ పట్టీ పైనున్న ఇరుసుని లాగితే, ఇరుసుకి బిగించిన కడ్డీ ముందుకి వంగి, దాని చివరి ఉన్నిగుండు డ్రమ్ముకి తగులుతుంది. 'ధమ్' అంటుంది. పక్కనున్న స్ప్రింగు దాన్ని తిరిగి వెనక్కి లాగుతుంది. అంతే. మన కుట్టుమిషను తొక్కుడుపలకకి దగ్గర చుట్టం. కాకపోతే మిషను మీద కాలు గుడ్డని నడిపిస్తుంది, ఇక్కడ పదిమందిని నడిపిస్తుంది. పాడేవాళ్ళు, గిటారు వాయించేవాళ్ళు, ఈలలు వేసేవాళ్ళు, అందరూ ఆ కాలి వెంబడే.

ఈ పెడలు లేని రోజుల్లో పాశ్చాత్య దేశాల్లో డ్రమ్మరు చిన్న డ్రమ్ముని పెద్దదాని పక్కనే కుర్చీలో పెట్టుకుని, రెంటినీ చేతిపుల్లలతోనే అందుకునేవాడట. లేదంటే డ్రమ్ముకి ఒక మనిషి. కాలితో కొట్టే యంత్రాలు పంతొమ్మిదో శతాబ్దం చివర్లోనే కొన్ని వచ్చాయి గానీ, నిలిచింది 1909లో షికాగోలో విలియం లుడ్విగ్ తయారుచేసింది. ఆయనా డ్రమ్మరే. తమ్ముడు థియోబాల్డుతో కలిసి కంపెనీ పెట్టేశాడు. థియేటర్ల యజమానులకి ఇది బాగా నచ్చి ఉంటుంది. ఇద్దరి పని ఒక్కడు చేస్తే రెండో జీతం మిగిలినట్టేగా! మన పెళ్ళిబ్యాండుల్లో పెద్దడ్రమ్ము మోసుకుని నడిచే మనిషి ఒకడు విడిగా ఉండేవాడు చూశారూ, పెడలు కాలు మోపిన చోట అతగాడి కూలి పోయిందన్నమాట. ఈ లెక్క గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కరకొస్తుంది.

మా వస్తువు దగ్గరికొస్తాను. 1986 ఆగస్టు వరద మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకి వచ్చింది. ఆ నీరు మా వాళ్ళ వసారాలోకీ వచ్చింది. పెడలు మూడు రోజులు ఒండ్రులో ఉంది. మావయ్య దాన్ని తీసి, కడిగి, తుడిచి, ఇంట్లో ఎటు చెయ్యి చాపినా దొరికే కొబ్బరినూనె పట్టించాడు. కోనసీమ మగవాడికి తలనొప్పికీ, తలుపు బందుకీ అదే మందు. కొబ్బరినూనె తత్వం మీకు తెలిసిందే. వేసవిలో నీళ్ళు, పుష్యమాసంలో వెన్న. ఆ సంక్రాంతికి తెల్లవారుజాము చలిలో ఇరుసు లోపల నూనె పేరుకుని, కొట్టిన గుండు వెనక్కి రావడానికి బద్ధకించింది. మావయ్య స్ప్రింగు ఇంకాస్త బిగించాడు. బిగించినకొద్దీ తోలుపట్టీ మీద భారం పడింది.

ఇక 1987 శివరాత్రి. మా ఊరి క్షణముక్తేశ్వరుడి దగ్గర జాగరణ కచేరీ. ఆడవాళ్ళు రాత్రి పదింటికల్లా ఇళ్ళకి వచ్చేసేవారు. మావాళ్ళ ఇల్లు పందిరికి వీపు వైపు, కాలవ అవతల ఉండేది. మైకు బూరలన్నీ జనం వైపు తిరిగి ఉండడంతో పాటలు అటే పోయేవి. ఇంటిదాకా వచ్చేది ఒక్కటే. ధమ్... ధమ్. సన్నటి ధ్వనులు బూర చూసిన దిక్కుకే పోతాయిట, లావు ధ్వని మాత్రం అన్ని దిక్కులకీ పాకుతుందిట. ఇంజనీరింగు చదివిన మా బావ చెప్పాడు. అత్తయ్యకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మొగుడి కచేరీ ఆవిడ విన్నదంతా ఆ ధమ్‌ధమ్‌లే. ఏ పాటో తెలీదు, ఎవరు పాడుతున్నారో తెలీదు. దెబ్బలు వడివడిగా పడితే హుషారు పాట, ఆగి ఆగి పడితే విషాదం. పూర్తిగా ఆగితే కచేరీ అయిపోయిందని లేచి పొయ్యి మీద నీళ్ళు పెట్టేది.

ఆ రాత్రి ఒంటిగంటకే ఆగిపోయింది. జాగరణ రోజున ఒంటిగంటకి కచేరీ ఆగడం ఏమిటి? అత్తయ్య కాసేపు చూసింది. తర్వాత లాంతరు పుచ్చుకుని, పక్కలో ఉన్న నన్ను లేపి వెంటబెట్టుకుని, కాలవ వంతెన దాటి పరుగులాంటి నడకతో పందిరి దగ్గరకెళ్ళింది. మనిషికి ఏమైందోనన్న భయం ఆవిడ చేతిలో నాకు తెలిసింది, నా మణికట్టు అంత గట్టిగా పట్టుకుంది. తీరా చూస్తే మావయ్య నిక్షేపంలా ఉన్నాడు. కుర్చీలో కూర్చుని చేతులతో ఏదో సర్దుకొస్తున్నాడు. తెగింది తోలుపట్టీ.

అత్తయ్య ఏమీ అనలేదు. మర్నాడు మాత్రం పెడలు ఆవిడ మిషను బల్ల మీద ఉంది.

అక్కణ్ణుంచి ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు ఆ పెడలు సంరక్షణ అత్తయ్యదే. ముందు కిరసనాయిలుతో కడిగి కొబ్బరినూనె జిడ్డంతా వదలగొట్టింది. ఆరబెట్టి ఇరుసు రెండు కొసలా, మడమ కీలు దగ్గరా, స్ప్రింగు కొక్కేల దగ్గరా ఒక్కొక్క చుక్క మిషనాయిలు. ఒక్క చుక్కే. "ఎక్కువ పోస్తే దుమ్ము తాగుతుందే" అంటుంది. తోలుకి ఈ నూనె తగలకూడదు. తోలుకి ఆముదం, అదీ వేలికి రాసుకుని ఆ వేలితో తడిమినంత. కిర్రుచెప్పులకి ఆముదం పట్టించిన కాలం మనిషి కదా! చెప్పులు కిర్రుమంటే దర్జా, పెడలు కిర్రుమంటే పరువు తక్కువ, అని ఆవిడ సిద్ధాంతం.

ఈ విషయంలో నేను ఆవిడతో పోట్లాడాను కూడా. లెడ్ జెప్పెలిన్ అని ఇంగ్లీషు వాళ్ళ బృందం ఒకటుంది. 1970లో వచ్చిన వాళ్ళ మూడో ఆల్బంలో ఒక నిదానపు పాటలో, జాన్ బోన్‌హామ్ కాలికింది పెడలు కీచుకీచుమనడం స్పష్టంగా వినిపిస్తుంది. అది లుడ్విగ్ వారి 'స్పీడ్ కింగ్'. స్ప్రింగులు రెండూ నిలువు కంబాల లోపల దాక్కుని ఉంటాయి. తోలు లేదు, చైనూ లేదు. కీచుమనే గుణం వల్ల దాన్ని 'స్క్వీక్ కింగ్' అని ముద్దుగా వెక్కిరిస్తారు. ఆ కీచు వినడానికి జనం చెవులు రిక్కిస్తారని చెప్పి, ఫోనులో ఆ పాట అత్తయ్యకి వినిపించాను. శ్రద్ధగా విని, "పాపం, వాళ్ళింట్లో మిషను లేదు కాబోలు" అంది.

పట్టీ సంగతి ఇంకా ఉంది. తెగినదాని కొలతకి ఆవిడ కాయితం కత్తిరించి, జాకెట్టు ఆదులతో పాటు మిషను సొరుగులో దాచింది. చెప్పులు కుట్టే ఆయన దగ్గర మూడు తోళ్ళు చూసి, సాగనిది ఏరి, ఆ కాయితం ప్రకారం కోయించింది. పట్టీ ఒక్క నూలు పొడుగైనా పలక వాలు మారిపోతుంది, కాలిపిక్క పట్టేస్తుంది. ఉన్నిగుండు ఒకవైపే కొట్టి చదునైతే పావువంతు తిప్పి బిగించేది. పురుగు పట్టకుండా లైనింగు గుడ్డ సంచీలో వేపాకుతో ఉంచేది. కచేరీలు లేని నెలల్లో స్ప్రింగు వదులు చేసి పెట్టేది. "దానికీ విశ్రాంతి కావద్దూ?" మా ఊరి స్వామి ముక్తి క్షణంలో ఇస్తాడని ప్రతీతి గానీ, ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో తుప్పు నుంచి విముక్తి మాత్రం నెల నెలా సంపాదించుకోవలసిందే.

ఇందాక లెక్క గుర్తుంచుకోమన్నాను. 1985లో రోలాండు వారి ఆక్టోప్యాడు వచ్చింది. కొన్నేళ్ళకి మా కోనసీమ కచేరీల్లోకీ దిగింది. ఎనిమిది రబ్బరు గళ్ళు. తబలా కావాలంటే తబలా, పెద్దడ్రమ్ము కావాలంటే పెద్దడ్రమ్ము. మోత లేదు, బండి ఖర్చు లేదు. 1909 నాటి లెక్కే, ఈసారి పోయింది మావయ్య కూలి. ఆపైన 1996 నవంబరు 6 నాటి తుపాను కొబ్బరిచెట్లని నేల కరిపించాక, కచేరీలకి చందాలిచ్చే చేతులూ లేకపోయాయి. ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. పెడలుకి నెల నెలా చుక్క మాత్రం ఆగలేదు. వాయించేవాడు లేనిదానికి నూనె ఎందుకని మావయ్య ఒకసారి విసుక్కుంటే, "మీకెందుకు, మిషనాయిలు నాది" అందట.

మావయ్య పోయి మూడేళ్ళయింది. ఈ వేసవిలో హైదరాబాదు నుంచి బావ వచ్చాడు. ఇలాంటి పాత పెడళ్ళు సేకరించేవాళ్ళున్నారనీ, నికెలు పూత వేయించి అమ్మితే మంచి ధర పలుకుతుందనీ చెప్పాడు. తప్పుడు మనిషి కాదు, తల్లి ఒంటరిగా ఆ సామానంతా కాపలా కాయడం ఎందుకని అతని బాధ. నాకు మాత్రం పూత మాట గుండెల్లో గుచ్చుకుంది. నలభై ఏళ్ళు ఒక పాదం అరగదీసిన చోట మెరుగు పెడితే అది బజారు సరుకవుతుంది. అయినా అన్నది నా మాట కాదు, అత్తయ్య మాట కావాలి. ఆవిడ అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. "అది పనిచేస్తోందో లేదో ముందు ఎవరిచేతైనా తొక్కించు" అంది నాతో.

ఊళ్ళో ఇంటరు చదివే కుర్రాడొకడు డ్రమ్ములు వాయిస్తాడు, ఫోనులో చూసి నేర్చుకున్నాడట. వాణ్ణి పిలిచాను. చైను పెడళ్ళకి అలవాటుపడ్డ వాడు తోలుపట్టీ చూసి కాస్త నొసలు చిట్లించాడు. వాడు తెచ్చిన డ్రమ్ముకి పెడలు తగిలించి, అత్తయ్య స్ప్రింగు తనే బిగించింది. చెవి దగ్గర పెట్టుకుని మీటి చూసింది కూడా. వాడు తొక్కాడు. రెండు నిమిషాలు ఊరికే తొక్కుతూనే ఉన్నాడు.

"మెత్తగా ఉందండీ అమ్మమ్మగారూ. కాలు వేసినట్టే లేదండి. అమ్ముతారాండి?"

"అమ్మను. పట్టుకెళ్ళు. నెలకోసారి తెచ్చి నాకు చూపించాలి. కొబ్బరినూనె ముట్టించావంటే ఊరుకోను."

"అలాగేనండి. ఈ వినాయకచవితికే వాయిస్తానండి."

అత్తయ్య సంచీలో వేపాకు సర్దుతూ ఆగింది.

"పందిరి ఎక్కడ వేస్తున్నారు?"

"గుడి దగ్గరేనండి, ఎప్పట్లాగే."

"బూరలు ఎటు తిప్పుతారు?"

కుర్రాడు నా మొహంలోకి చూశాడు. "ఇప్పుడు బూరలు కాదండి, పెద్ద బాక్సులండి. జనం వైపే ఉంటాయండి. మీకు ఇబ్బందైతే ఇటు రాకుండా చూస్తాంలెండి."

"పాటలు రాకపోయినా పరవాలేదురా" అంది అత్తయ్య. "కాలు మాత్రం గట్టిగా వెయ్యి."